ప్లాన్ గీసేవాళ్ల ప్రశ్నలు: పాత లైబ్రరీ, కొత్త సాఫ్ట్‌వేర్

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోడు. పర్లాకిమిడి, గుణుపురం, జయపురం, బరంపురం వైపు మనవాళ్లు ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా గీసి దాచుకున్న తలుపులు, కిటికీలు, మెట్లు, పొయ్యి గట్లు, తులసి కోటలు సాఫ్ట్‌వేర్ మారగానే పనికిరాకుండా పోతున్నాయని. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చేసారికి ఉంచి, ఈ సంచికలో దీని గురించే మాట్లాడుకుందాం.

ప్రశ్న: పర్లాకిమిడిలో ఒక ఇంజనీరు గారి దగ్గర పదకొండేళ్లుగా డ్రాఫ్ట్స్‌మన్‌గా చేస్తున్నాను. ప్లాన్‌లు గీసే ఆటోక్యాడ్ ప్రోగ్రాంలో నేను సొంతంగా చేసుకున్న బ్లాకులు (ఒకసారి గీసి దాచుకుని మళ్లీ మళ్లీ వాడే బొమ్మలు) 340 దాకా ఉన్నాయి. ఈ నెలాఖరుకి లైసెన్స్ అయిపోతోంది. మా సారు డీడబ్ల్యూజీ అనే ఆటోక్యాడ్ ఫైళ్లు నేరుగా తెరిచే తక్కువ ధర ప్రోగ్రాం ఒకటి కొన్నారు, ఫైల్ అదే కాబట్టి అన్నీ వాటంతటవే వచ్చేస్తాయన్నారు. ఫోల్డర్ కాపీ చేసి ఒరిస్సా పాన్ (నేల మీద కూర్చునే మరుగుదొడ్డి పాన్) బ్లాక్‌ను ప్లాన్‌లో ఇన్సర్ట్ చేస్తే ఇంటి కంటే పెద్దగా పడింది, కొలిస్తే 48 అడుగులు! కొన్ని తలుపులు సైజు మారడం లేదు, బ్లాకులు పేర్చుకునే టూల్ పాలెట్‌లు ఖాళీగా ఉన్నాయి. ఫైళ్లు పాడయ్యాయా? చాలా టెన్షన్‌గా ఉంది.
(ఒక పాఠకుడు, పర్లాకిమిడి)

జవాబు: తమ్ముడూ, ఫైళ్లేమీ పాడవలేదు. మీరు రాసిన ఆ 48 అడుగులే అసలు సంగతి చెప్పేస్తోంది.

ఒరిస్సా పాన్ మామూలు సైజు 580 బై 440 మిల్లీమీటర్లు. 580ని 25.4తో గుణించండి, 14,732 వస్తుంది. అన్ని మిల్లీమీటర్లంటే సరిగ్గా 48 అడుగుల 4 అంగుళాలు. అంటే మీ 580 మిల్లీమీటర్లను కొత్త ప్రోగ్రాం 580 అంగుళాలనుకుంది. ఎందుకనుకుందంటే, మీ ఫైలే దానికి అలా చెప్పింది. ప్రతి డీడబ్ల్యూజీ ఫైల్‌లో ఇన్‌స్‌యూనిట్స్ అని ఒక అంకె దాగి ఉంటుంది: 1 ఉంటే అంగుళాలు, 2 ఉంటే అడుగులు, 4 ఉంటే మిల్లీమీటర్లు, 6 ఉంటే మీటర్లు. ఆటోక్యాడ్‌లో అకాడ్ అనే టెంప్లేట్‌తో కొత్త ఫైల్ తెరిస్తే ఆ అంకె 1, అకాడ్‌ఐసో అనే టెంప్లేట్‌తో తెరిస్తే 4. పదకొండేళ్ల కిందట మీరు మొదటి టెంప్లేట్ తెరిచి అందులో మిల్లీమీటర్ల లెక్కన గీసి ఉంటారు. అప్పటినుంచి ప్లాన్ మీదా అంగుళం ముద్రే, బ్లాక్ మీదా అంగుళం ముద్రే కాబట్టి రెండు తప్పులూ ఒకదానికొకటి సరిపోయి ఎప్పుడూ బయటపడలేదు. కొత్త ప్రోగ్రాంలో మీరు తెరిచిన ప్లాన్ మీద మిల్లీమీటర్ ముద్ర ఉంది, అంతే తేడా.

నమ్మకం కుదరకపోతే కళ్లారా చూడండి. ఒరిస్సా పాన్ ఫైల్‌ను డీఎక్స్‌ఎఫ్‌గా సేవ్ చేసి నోట్‌ప్యాడ్‌లో తెరవండి. డీఎక్స్‌ఎఫ్ అంటే మామూలు అక్షరాల ఫైలే, 1982లో ఆటోక్యాడ్ మొదటి వెర్షన్‌తోనే వచ్చింది. పైనుంచి కిందికి వరసగా అంకెలూ పేర్లూ కనిపిస్తాయి, భయపడకండి. ఇన్‌స్‌యూనిట్స్ అని వెతకండి, ముందు డాలర్ గుర్తు ఉంటుంది. దాని కింది గీటులో 70, ఆ కింది గీటులో ఒంటరిగా ఒక అంకె. మీ ఫైల్‌లో అక్కడ 1 ఉంటుంది. ఇంత గందరగోళానికీ ఆ ఒక్క అంకే కారణం.

చాలామంది ఇక్కడ చేసే పొరపాటు ఏమిటంటే, పెద్దగా పడిన బొమ్మను స్కేల్ కొట్టి చిన్నది చేసి ఊరుకుంటారు. దాంతో ఆ ఒక్క చోట సరిపోతుంది గానీ బ్లాక్ లోపలి తప్పు అలాగే ఉంటుంది, రేపు ఇంకో ప్లాన్‌లో మళ్లీ 48 అడుగులే. బ్లాక్ ఫైల్‌నే తెరిచి ఇన్‌స్‌యూనిట్స్ 4 అని కొట్టి సేవ్ చేయాలి. 340 ఫైళ్లకీ చేయాలా అంటే, చేయాలి. అయితే దానికి ముందు వాటిని మూడు గుంపులు చేసుకోండి. మన ఊళ్లలో ఇంటి యజమానితో, మేస్త్రీతో మాట అడుగుల్లో, మునిసిపాలిటీకి ఇచ్చే కాగితం మీటర్లలో కాబట్టి మీ లైబ్రరీలో కొన్ని అంగుళాల లెక్కలో, కొన్ని మిల్లీమీటర్లలో, ఒకటో రెండో మీటర్లలో ఉండే ఉంటాయి. తెలిసిన కొలతతో పట్టుకోండి: మూడడుగుల తలుపు కొలిస్తే 36 వస్తే అంగుళాలు, 914 వస్తే మిల్లీమీటర్లు, 0.914 వస్తే మీటర్లు. ఏ లెక్కలో గీశారో ఆ లెక్క అంకె పెట్టండి. అన్నింటికీ గుడ్డిగా 4 కొట్టేస్తే, అంగుళాల్లో గీసిన 36 తలుపు 36 మిల్లీమీటర్లయి ప్లాన్‌లో ఓ చుక్కలా పడుతుంది, అది ఎక్కడుందో వెతుక్కోవడానికే పూట పడుతుంది.

ఇక సైజు మారని తలుపుల సంగతి. అవి డైనమిక్ బ్లాకులు. ఆటోక్యాడ్ 2006 నుంచి ఉన్న సదుపాయం అది: ఒకే తలుపును లాగితే రెండున్నర అడుగులూ అవుతుంది, మూడున్నరా అవుతుంది. మీరు లాగిన ప్రతిసారీ ఆ సైజుకి ఫైల్ లోపల పేరులేని బ్లాక్ ఒకటి పుడుతుంది, నక్షత్రం గుర్తు, యూ అక్షరం, పక్కన ఓ అంకె, అదే దాని గుర్తింపు. డైనమిక్ సంగతులు పూర్తిగా అర్థం కాని ప్రోగ్రాం ఆ పేరులేని బ్లాక్‌నే మామూలు బొమ్మలా చూపిస్తుంది. బొమ్మ కనిపిస్తుంది, లాగితే కదలదు. డీడబ్ల్యూజీ ఆటోడెస్క్ వాళ్ల సొంత ఫార్మాట్. దాన్ని మిగతా కంపెనీలు చదవగలగడానికి 1998 నుంచి ఓపెన్ డిజైన్ అలయన్స్ అనే కూటమి పనిచేస్తోంది, అందుకే బ్రిక్స్‌క్యాడ్, జెడ్‌డబ్ల్యూక్యాడ్ లాంటివి మన ఫైళ్లు తెరవగలుగుతున్నాయి. గీతలు, లేయర్లు (గీతల్ని గుంపులుగా ఉంచే పొరలు), మామూలు బ్లాకుల దాకా ఇబ్బంది ఉండదు. డైనమిక్ బ్లాకుల దగ్గరకొచ్చేసరికి ఒక్కో ప్రోగ్రాం, ఒక్కో వెర్షన్ ఒక్కోలా ప్రవర్తిస్తాయి.

కాబట్టి మీరు ఈ రాత్రే మొదలుపెట్టాల్సిన పని ఇది. పాత లైసెన్స్ ఉండగానే ప్రతి డైనమిక్ తలుపునూ మీరు నిజంగా వాడే సైజుల్లో పెట్టండి. మనవైపు ఇళ్లకి ఎన్ని సైజులు కావాలి చెప్పండి? సింహద్వారం మూడున్నర, గదులకి మూడు, స్నానాల గదికి రెండున్నర. మహా అయితే పెరటి తలుపు ఇంకో సైజు. ఒక్కోదాన్నీ ఎక్స్‌ప్లోడ్ చేసి (విడి గీతలుగా విడదీసి), మిగిలిన గీతలు చూసుకుని, మళ్లీ మామూలు బ్లాక్‌గా చేసి, డబ్ల్యూబ్లాక్‌తో విడి ఫైల్‌గా రాయండి. డబ్ల్యూబ్లాక్ డైలాగ్‌లో అడుగున ఇన్సర్ట్ యూనిట్స్ అని ఓ గడి ఉంటుంది, అది చూడకుండా ఓకే నొక్కొద్దు. పేరులోనే సైజు ఉంచండి, తలుపు‌ 914 అన్నట్టు. తలుపు ఒకటి, తలుపు కొత్తది, తలుపు ఫైనల్ లాంటి పేర్లతో చాలా ప్రమాదం: ప్లాన్‌లో ఇప్పటికే తలుపు ఒకటి అనే బ్లాక్ ఉంటే, మీరు బయటి నుంచి అదే పేరుతో ఇంకోటి లాక్కొచ్చినా పాతదే పడుతుంది. మీరు గమనించరు, మేస్త్రీ గమనిస్తాడు, అప్పటికి చౌకట్టు బిగించేసి ఉంటుంది.

బేస్ పాయింట్, అంటే ఇన్సర్ట్ చేసేటప్పుడు కర్సర్ బ్లాక్‌ను పట్టుకునే చోటు కూడా చూడండి. తలుపుకి బందు ఉండే మూల, ఒరిస్సా పాన్‌కి వెనక అంచు మధ్య, మెట్లకి మొదటి మెట్టు మూల. కొన్ని బ్లాకుల్ని మీరు డబ్ల్యూబ్లాక్ చేయకుండా, పూర్తి ప్లాన్‌ను సేవ్ యాజ్ కొట్టి మిగతా అంతా చెరిపేసి దాచి ఉంటారు, తొందరలో అందరం చేసే పనే అది. అలాంటివి ఇన్సర్ట్ చేస్తే కర్సర్ ఒకచోట, బొమ్మ ఎక్కడో ఊరవతల. లోపలి గీతలు 0 లేయర్‌లో, రంగు బైలేయర్‌లో ఉంచితే ఏ లేయర్‌లో పెడితే ఆ లేయర్ రంగూ మందమూ తీసుకుంటాయి. ఇలా సర్దిన బ్లాకులు ఏ ప్రోగ్రాంకి వెళ్లినా పేచీ పెట్టవు.

పాలెట్‌లు ఖాళీ కావడం చిన్న విషయం. పాలెట్‌లో బ్లాక్ ఉండదు, అది ఫలానా డ్రైవ్‌లో ఫలానా ఫోల్డర్‌లో ఉందనే దారి మాత్రమే ఉంటుంది. ఫోల్డర్ మారితే దారి తెగుతుంది. వాటి కోసం కష్టపడకండి, కొత్త ప్రోగ్రాంలో కొత్తగా పేర్చుకోవడం తేలిక. దానికంటే ముఖ్యం, డీడబ్ల్యూజీలో ఇమడకుండా బయట ఉండే ఫైళ్లు: ప్రింట్‌లో గీత మందం చెప్పే సీటీబీ, మీరు రాసుకున్న హాచ్‌ల (ఖాళీల్లో నింపే గీతల నమూనాల) ప్యాట్, లైన్‌టైప్‌ల లిన్, ఎస్‌హెచ్‌ఎక్స్ ఫాంట్లు. సీటీబీ మర్చిపోతే గోడ గీత, గచ్చు టైల్స్ గీత ఒకే మందంతో ప్రింటయ్యి మీ ప్లాన్‌ను మీరే గుర్తుపట్టలేరు. ఈట్రాన్స్‌మిట్ కమాండ్ కొడితే ఫాంట్లు, సీటీబీ, ఎక్స్‌రెఫ్‌లు (ప్లాన్‌కి జోడించిన బయటి డ్రాయింగ్‌లు) ఒక మూటగా వచ్చేస్తాయి. ప్యాట్, లిన్ మాత్రం మీరే చేత్తో కాపీ చేసుకోండి.

అన్నీ అయ్యాక ఒకే డ్రాయింగ్‌లో 340 బ్లాకుల్నీ వరసలుగా పరిచి, ఒక్కోదాని పక్కన పొడవు, వెడల్పు డైమెన్షన్ వేసి, ఏ1 షీట్ల మీద ప్రింట్ తీయించండి. కంప్యూటర్ పనికి కాగితం దేనికంటారా? మీరు పదకొండేళ్లలో సంపాదించింది ఆ గీతలు కాదు తమ్ముడూ, ఆ కొలతలు. పొయ్యి గట్టు ఎంత ఎత్తుంటే మన ఆడవాళ్లకి నడుం నొప్పి రాదో, ఇరుకు వీధి ఇంట్లో మెట్ల మలుపు ఎంతుంటే బీరువా ఎక్కుతుందో మీకు తెలుసు. అది కాగితం మీద ఉంటే ఏ ప్రోగ్రాంలోనైనా వారంలో మళ్లీ గీసుకోగలరు.

ప్రశ్న: గుణుపురంలో ఇంజనీరింగ్ చదువుతున్నాను. మా బాబాయి గారి ఆఫీసు ఆటోక్యాడ్ బ్లాకులు తెచ్చుకుని స్కెచ్‌అప్‌లో త్రీడీ చేద్దామనుకున్నాను. బ్రౌజర్‌లో ఉచితంగా వచ్చే స్కెచ్‌అప్‌లో డీడబ్ల్యూజీ అసలు తీసుకోవడం లేదు. స్నేహితురాలి ల్యాప్‌టాప్‌లో ప్రో వెర్షన్‌లో తీసుకుంది గానీ అన్నీ గీతలే, గోడ లేపుదామంటే లేవడం లేదు.
(ఒక విద్యార్థిని, గుణుపురం)

జవాబు: అమ్మాయీ, ఉచిత వెబ్ వెర్షన్ డీడబ్ల్యూజీ తీసుకోదు, మీ తప్పేం లేదు. ప్రో తీసుకుంటుంది, అందులో ఆటోక్యాడ్ బ్లాక్ కాంపోనెంట్‌గా, లేయర్ ట్యాగ్‌గా మారుతుంది. గోడ లేవకపోవడానికి కారణం, స్కెచ్‌అప్ లేపేది గీతను కాదు, గీతల మధ్య నిండిన తలాన్ని, అంటే ఫేస్‌ను. అన్ని వైపులా మూసుకుని, ఒకే తలంలో ఉన్న గీతల మధ్యే ఫేస్ పుడుతుంది. ఆటోక్యాడ్ బొమ్మలో మూల దగ్గర అర మిల్లీమీటరు ఖాళీ ఉన్నా కంటికి కనిపించదు, ఫేస్ మాత్రం రాదు. ఇన్సర్ట్ చేసే ముందే ఆటోక్యాడ్‌లో ఓవర్‌కిల్ కొట్టి ఒకదాని మీద ఒకటి పడిన గీతలు తీసేయండి, పర్జ్ కొట్టి వాడని లేయర్లు తీసేయండి, హాచ్‌లు, డైమెన్షన్లు పూర్తిగా వదిలేసి గోడల గీతలు మాత్రమే తీసుకెళ్లండి. తర్వాత ఒక అంచు మీద మళ్లీ ఒక గీత గీస్తే చాలా చోట్ల ఫేస్ దానంతటదే వస్తుంది.

ఇంకో మాట. స్కెచ్‌అప్‌లో గుండ్రం అంటే నిజమైన గుండ్రం కాదు, మామూలుగా 24 పలకల బొమ్మ. తలుపు తిరిగే వంపు, వాష్ బేసిన్ అంచు అక్కడికి వెళ్లి మళ్లీ ఆటోక్యాడ్‌లోకి తిరిగొస్తే ముక్కలు ముక్కల గీతలుగా వస్తాయి. కాబట్టి ప్రయాణం ఎప్పుడూ ఒకవైపే ఉండాలి: టూడీ అసలు ప్రతి ఆటోక్యాడ్ ఫోల్డర్‌లో, త్రీడీ అసలు ప్రతి స్కెచ్‌అప్ ఫోల్డర్‌లో. బాబాయి గారి బ్లాకుల మీద మీరు స్కెచ్‌అప్ నుంచి వచ్చినవి సేవ్ చేశారంటే ఆయన కోప్పడతారు, కోప్పడాలి కూడా.

ప్రశ్న: భవనాల త్రీడీ మోడల్ చేసే రెవిట్‌లో నేను చేసుకున్న కిటికీ ఫ్యామిలీలను (రెవిట్‌లో బ్లాకుల్లాంటివి) అలాంటిదే అయిన ఆర్కిక్యాడ్‌లోకి మార్చే దారి ఉందా? సైజు మార్చే వీలు కూడా రావాలి.
(ఒక సివిల్ ఇంజనీరు, జయపురం, కోరాపుట్ జిల్లా)

జవాబు: ఆకారం వస్తుంది, తెలివి రాదండీ. రెవిట్ కిటికీ ఆర్‌ఎఫ్‌ఏ ఫైల్‌లో రిఫరెన్స్ ప్లేన్‌లకి (ఆధారంగా పెట్టుకున్న తలాలకి) కట్టిన కొలతలతో నడుస్తుంది. ఆర్కిక్యాడ్ కిటికీ జీడీఎల్ అనే భాషలో రాసిన చిన్న ప్రోగ్రాం. రెండూ పుట్టుకతోనే వేరు. అటూ ఇటూ తిరగడానికి ఐఎఫ్‌సీ ఫార్మాట్ ఉంది, 2013లో ఐఎస్‌ఓ 16739గా ప్రమాణమైంది కూడా, కానీ అది తయారైన భవనాన్ని ఇంకొకరికి చూపించడానికి పుట్టింది, మీ లైబ్రరీని సైజు మార్చుకునే వీలుతో సహా మోసుకెళ్లడానికి కాదు. కిటికీ అని, ఇంత వెడల్పని, ఇంత ఎత్తని చెబుతుంది. లాగితే మారదు.

మీరు ఎక్కువగా వాడే పది కిటికీలు ఎంచుకుని, వెడల్పు, ఎత్తు, సిల్ ఎత్తు, చజ్జా ఎంత ముందుకొస్తుంది, గ్రిల్ కడ్డీల మధ్య దూరం, ఇవన్నీ ఒక పట్టికలో రాసి ఆర్కిక్యాడ్‌లో ఉన్న కిటికీలకే ఆ కొలతలు ఇచ్చి మీ పేర్లతో దాచుకోండి. మిగతావి అవసరం పడ్డప్పుడు చూసుకోవచ్చు, చాలావాటికి ఆ అవసరమే రాదు. రెవిట్ వదిలేముందు మాత్రం ఫైల్ మెనూలో సేవ్ యాజ్, లైబ్రరీ, ఫ్యామిలీ అని వెళ్లి ప్రాజెక్ట్‌లో ఉన్న ఫ్యామిలీలన్నీ ఆర్‌ఎఫ్‌ఏలుగా బయటికి తీసి ఉంచండి. ఒక్క జాగ్రత్త: కొత్త రెవిట్‌లో సేవ్ చేసింది పాత రెవిట్‌లో తెరుచుకోదు, వెనక్కి సేవ్ చేసే వీలే లేదు. తోటి ఇంజనీరు దగ్గర పాత వెర్షన్ ఉంటే, ఆయనకి ఇచ్చే ప్రతి మీరు అప్‌గ్రేడ్ కాకముందే తీసి పెట్టుకోవాలి.

ప్రశ్న: బరంపురంలో మా ప్లాన్‌లలో గదుల పేర్లు తెలుగులోనూ ఒడియాలోనూ రాస్తాం, ఇంటివాళ్లు తెలుగు, మేస్త్రీలు ఒడియా. పాత బ్లాకుల్లోని తెలుగు ‘అను’ అనే పేరున్న పాత రకం ఫాంట్లతో కొట్టింది. కొత్త కంప్యూటర్‌లో వంటిల్లు అన్న చోట ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వస్తున్నాయి. ఆ ఫాంట్ మళ్లీ వేస్తే సరిపోతుందా?
(ఒక పాఠకురాలు, బరంపురం)

జవాబు: ఫాంట్ వేస్తే ఈ కంప్యూటర్‌లో కనిపిస్తుందమ్మా, ఇంకో కంప్యూటర్‌లో మళ్లీ ఇదే కథ. ఎందుకంటే పాత అను పద్ధతిలో ఫైల్ లోపల ఉన్నది తెలుగే కాదు, ఇంగ్లీషు అక్షరాల గుర్తులే. ఫాంట్ వాటికి తెలుగు వేషం వేస్తుంది. ఫాంట్ లేకపోతే వేషం ఊడిపోతుంది. యూనికోడ్‌లో కొడితే ఫైల్‌లోనే తెలుగు ఉంటుంది. విండోస్‌లో తెలుగుకి గౌతమి, ఒడియాకి కళింగ ఫాంట్లు ఉన్నాయి, విండోస్ 8 నుంచి వచ్చే నిర్మలా యూఐ ఒక్కటే రెండు లిపులూ చూపిస్తుంది. మీలా రెండు భాషలు రాసేవాళ్లకి అదే సుఖం, ఒకే టెక్స్ట్ స్టైల్‌తో పనైపోతుంది.

మార్చే ముందు ఒక చిన్న పరీక్ష పెట్టండి. కొత్త ప్రోగ్రాంలో వంటిల్లు, స్నానాల గది, మెట్లు అని మూడు మాటలు కొట్టండి. వత్తులు కింద సరిగ్గా కూర్చున్నాయా, పక్కకి జారి విడిగా పడ్డాయా చూడండి. తెర మీద చూసి ఊరుకోకుండా పీడీఎఫ్ తీసి, ప్రింట్ కూడా తీసి చూడండి, కొన్నిసార్లు తెర మీద బాగుండి ప్రింట్‌లో చెదురుతాయి. పరీక్షలో నెగ్గితే పాత పేర్లన్నీ మళ్లీ కొట్టేయండి. ఒక ఇంటికి గదుల పేర్లు ఇరవై కూడా ఉండవు కదా, బ్లాకుల్లో ఒక్కసారి మారిస్తే చాలు, కన్వర్టర్ల వెంట పడి తప్పులు దిద్దుకోవడం కంటే ఇదే త్వరగా అవుతుంది.

పేర్లు మాత్రం మనుషులు పిలిచే మాటల్లోనే పెట్టండి. వసారా, నడవ, పెరడు, అటక, దేవుడి గది. ఒడియాలో రోసెయి ఘొరొ (వంటిల్లు), శోయిబా ఘొరొ (పడకగది). వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడి మీకు ఎంతో దూరం కాదు. భోజనశాల, శయనాగారం అని రాస్తే మేస్త్రీ పక్కవాణ్ని అడగాల్సి వస్తుంది.

ప్రశ్న: మాది చిన్న ఆఫీసు. ఇవన్నీ సర్దుకున్నాక లైబ్రరీని ఎక్కడ దాచాలి? పోయిన వర్షాకాలంలో పిడుగు పడి కంప్యూటర్ పోయింది, దాంతో అన్నీ పోయాయి.
(ఒక పాఠకుడు, కాశీనగర్, గజపతి జిల్లా)

జవాబు: చదివి బాధేసిందండీ. ఈసారి మూడు చోట్ల ఉంచండి: కంప్యూటర్‌లో ఒకటి, పనైపోయాక తీసేసి ఇంటికి పట్టుకెళ్లే హార్డ్ డిస్క్‌లో ఒకటి, ఆన్‌లైన్ డ్రైవ్‌లో ఒకటి. ఆ డిస్క్ కంప్యూటర్‌కి ఎప్పుడూ గుచ్చి ఉంచితే పిడుగుకి రెండూ కలిసి పోతాయి. ప్రతి బ్లాక్‌కీ డీడబ్ల్యూజీ ఒకటి, దాని డీఎక్స్‌ఎఫ్ ఒకటి పక్కపక్కనే ఉంచండి. లిబ్రేక్యాడ్ లాంటి ఉచిత ప్రోగ్రాంలు కూడా డీఎక్స్‌ఎఫ్ తెరుస్తాయి కాబట్టి, చేతిలో ఏ లైసెన్సూ లేని రోజున కూడా మీ తలుపులూ కిటికీలూ మీకు కనిపిస్తాయి. ఇక మీ పోయిన బ్లాకుల విషయం: పాత క్లయింట్లకి మెయిల్‌లో పంపిన ప్లాన్‌లు ఉంటాయి చూడండి. డీడబ్ల్యూజీ పంపి ఉంటే ఆ ప్లాన్‌లో వాడిన ప్రతి బ్లాక్ దాని లోపలే ఉంటుంది, డబ్ల్యూబ్లాక్‌తో ఒక్కొక్కటీ బయటికి తీసుకోవచ్చు. నాలుగైదు పెద్ద ఇళ్ల ప్లాన్‌లు దొరికినా సగం లైబ్రరీ తిరిగొస్తుంది. ముందు మీ సెంట్ మెయిల్ తెరవండి.